గేటు తాళం ఇచ్చేముందు

చి. సుజాతకు,

మామయ్య ఆశీస్సులు. కాలనీ సెక్రటరీవి అయ్యావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఇక నీకు ఆదివారాలు ఉండవు, అది కూడా తెలుసుకో.

కాలనీ రోడ్లు మున్సిపల్ కార్పొరేషన్‌కి అప్పగించేద్దామంటే మీటింగులో అందరూ చేతులెత్తారట. ఆ ఎత్తినవాళ్లలో గేటు సంగతి ఎంతమందికి తట్టిందో ఒకసారి అడిగి చూడు. రోడ్డు కార్పొరేషన్‌ది అయ్యాక పక్క బస్తీ పిల్లల సైకిళ్లు, కూరగాయల ఆటోలు, మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగితే అడ్డదారి వెతుక్కునే కార్లు, ఏదైనా రావచ్చు. రాత్రి పదింటికి తాళం వేయడం కుదరదు. వేస్తే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఇలాంటి ఫిర్యాదులు మరీ ఎక్కువయ్యాయి. గుంతలు వాళ్లు పూడ్చాలి, గేటు మాత్రం మనదే అంటే నడవదమ్మా. ఈ ముక్క ముందే అందరికీ చెప్పి మినిట్స్‌లో రాయించి సంతకాలు తీసుకో. లేకపోతే రేపు గేటు తీసిన రోజున అందరి వేళ్లూ నీవైపే.

తర్వాత కాగితాలు. మీది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అనుమతి ఇచ్చిన లేఅవుట్ కాబట్టి నీకు సగం బరువు తగ్గినట్టే. అప్రూవల్ కాపీ తీసి వెనక రాసిన షరతులు చదువు. రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థ పేరిట ఉచితంగా గిఫ్ట్ డీడ్ చేసి ఇవ్వాలని అందులో ఉంటుంది. ఆ డీడ్ రిజిస్టర్ అయిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. సర్వే నంబర్లు పెట్టి ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయిస్తే బయటపడుతుంది. ఇంకోటి, రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేస్తాడన్న హామీగా డెవలపర్ 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏకి తనఖా పెడతాడు. ఫైనల్ లేఅవుట్ ఇంకా రాకపోయినా, ఆ ప్లాట్లు ఇంకా విడుదల కాకపోయినా, మీరు చందాలు వేసుకుని రోడ్డు వేయకండి. అతని జుట్టు ఇంకా ఆఫీసు చేతిలో ఉన్నట్టే. ముందు అక్కడ ఒక అర్జీ పెట్టండి.

మా కాప్రా సంగతి వేరు. మాది పంచాయతీ కాలం నాటి లేఅవుట్. సర్పంచ్ ముద్ర తప్ప ఏమీ లేదు. ప్లాట్లు అమ్మినాయన గిఫ్ట్ డీడ్ చేయలేదు, తర్వాత పార్కు జాగాని కూడా రెండు ముక్కలు చేసి అమ్మేశాడు. 2007లో కాప్రా మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో (జీహెచ్‌ఎంసీ) కలిసినప్పుడు ఇక రోడ్లన్నీ వాళ్లవే అనుకున్నాం. ఆఫీసుకి వెళ్తే ‘మీ వీధి మా రికార్డులో లేదు సార్’ అన్నారు. ఇంటి పన్ను రసీదుల కట్ట చూపించాను. పన్ను ఇంటికి కట్టారు, వీధికి కాదు అన్నాడు ఆ గుమాస్తా. కోపం వచ్చింది గానీ మాట నిజమే.

చివరికి దారి చూపించింది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టమే. ప్రైవేటు వీధి, పబ్లిక్ వీధి అని అందులో రెండు రకాలు. ప్రైవేటు వీధిని చదును చేసి, గట్టి రోడ్డు వేసి, మురుగు పోయే ఏర్పాటు చేయమని కమిషనర్ సొంతదార్లకు చెప్పవచ్చు, అవన్నీ అయ్యాక దాన్ని పబ్లిక్ వీధిగా ప్రకటించవచ్చు. కార్పొరేషన్ ఎప్పుడైనా తన డబ్బుతో బాగుచేసి ఉంటే, అది పబ్లిక్ వీధి అనడానికి కూడా బలం ఉంటుంది. అందుకే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేసి, మా వీధిలో పాత పనుల ఎం-బుక్ (ఇంజినీర్లు పనుల కొలతలు రాసే పుస్తకం) కాపీ అడిగాను. ఎప్పుడో కల్వర్టు కట్టినట్టు ఒక ఎంట్రీ దొరికింది. ఆ ఒక్క పేజీ జిరాక్సే మా ఫైలుకి ప్రాణం పోసింది.

ఇప్పుడు కష్టమైన పని చెప్తాను. టేపు పట్టి రోడ్డు కొలువు. కాగితం మీద 30 అడుగులు. మా వీధిలో మూడో ఇంటి దగ్గరికొచ్చేసరికి 24 అడుగులే మిగిలింది. ఒకవైపు కారు ఎక్కే ర్యాంపు, ఎదురుగా మెట్లు, వాటి పక్కన మల్లెపందిరి, తులసికోట. ఆ పందిరి ఎవరిదో తెలుసా? మా ఇంటావిడదే. ముందు మనది తీస్తేనే ఎదుటివాళ్ల ర్యాంపు గురించి మాట్లాడే నోరు ఉంటుందని రెండు వారాలు బతిమాలాను. పందిరి మేడ మీదకి మారింది, తులసికోట గేటు లోపలికొచ్చింది, నాకు మాత్రం నాలుగు రోజులు కాఫీ రాలేదు. నువ్వు కూడా కొలత మీ ఇంటి ముందు నుంచే మొదలుపెట్టు.

రోడ్డు కంటే ముందు మురుగు పైపు, మంచినీళ్ల లైను చూసుకోండి. మేం తొందరపడి ఇంటికింత అని వేసుకుని సిమెంటు రోడ్డు పోయించాం. ఏడాది తిరగకముందే డ్రైనేజీ పైపుకని మధ్యలో నిలువునా తవ్వారు. పూడ్చిన చోట వానాకాలంలో స్కూటర్లు జారని రోజు లేదు. వాటర్ బోర్డు పని అయిందని రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే సీసీ రోడ్డు ఎస్టిమేట్ అడగండి.

ఆఫీసులో ముందు టౌన్ ప్లానింగ్, తర్వాతే ఇంజినీరింగ్. గిఫ్ట్ డీడ్, లేఅవుట్ తేలకుండా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి వెళ్తే పైకి వెళ్లమంటాడు, అక్కడ కిందికి పొమ్మంటారు. అసోసియేషన్ రిజిస్ట్రేషన్ కాపీ, తీర్మానం, వీధి ఫొటోలు జత చేయి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకో. కదలకపోతే సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది. స్థానిక నాయకుడిని కలవడం తప్పు కాదు, కానీ ఆయన మాట మీదే ఆధారపడకు.

మా 30 మీటర్ల టేపు ఇంకా బాగానే ఉంది. వచ్చే ఆదివారం పొద్దున్నే చందానగర్ వస్తాను. రెండో కొస పట్టుకోవడానికి అల్లుడిని నిద్రలేపి ఉంచు.

మీ మామయ్య