బొమ్మ పడుతుంది, రిమోటే పలకదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. ఇంట్లో వాడుకోవడానికని విండోస్ మీద సీ షార్ప్ భాషలో ఒక మీడియా సెంటర్ రాసుకున్నాను. మెనూలన్నీ విండోస్‌లో తెరలు గీసే డబ్ల్యూపీఎఫ్, వీడియో ఆడించడానికి విండోస్‌దే డైరెక్ట్‌షో. సినిమాలు, ఫొటోలు, టీవీ చానెళ్లు పట్టే ట్యూనర్ కార్డు రికార్డింగులు అన్నీ రిమోట్‌తోనే నడుస్తాయి. ఇప్పుడు మా తమ్ముడు లైనక్స్‌లో కావాలంటున్నాడు, స్నేహితుడు మ్యాక్‌లో కావాలంటున్నాడు. మొత్తం మళ్లీ రాయాలా? విండోస్ ప్రోగ్రాంలను వేరే సిస్టంలో నడిపే వైన్‌తో గట్టెక్కలేమా?

జవాబు: ముందు వైన్ సంగతి తేల్చేద్దాం. మెనూలు కనిపించవచ్చు, ఒకటి రెండు సినిమాలు ఆడనూ ఆడవచ్చు. కానీ ట్యూనర్ కార్డు డ్రైవరు కెర్నల్‌లో, అంటే సిస్టం గుండెకాయలో నడిచేది. విండోస్ డ్రైవర్‌ని తీసుకెళ్లి లైనక్స్ కెర్నల్‌లో కూర్చోబెట్టడం వైన్ వల్ల అయ్యే పని కాదు. రికార్డింగు వద్దనుకుంటే సరే, లేకపోతే ఆ ఆశ వదులుకోండి.

అలాగని మొత్తం తిరగరాయనక్కర్లేదు. ప్రోగ్రాంని రెండుగా విడదీయండి. ఫైళ్లు వెతకడం, పోస్టర్లు తేవడం, డేటాబేస్, రికార్డింగు వేళలు ఇవన్నీ సర్వర్‌లోకి. టీవీ మీద కనబడేది క్లయింట్‌లోకి. ముందు సర్వర్‌ని దాటించండి, అదీ లైనక్స్‌కి. సీ షార్ప్ ప్రోగ్రాంలను నడిపే ఇప్పటి డాట్‌నెట్ మూడు చోట్లా నడుస్తుంది. డబ్ల్యూపీఎఫ్ మాత్రం విండోస్ గడప దాటదు. క్లయింట్‌ని మొదట బ్రౌజర్‌లో చూపించుకోండి, సోకులు తర్వాత.

ఈ దారి నేను కనిపెట్టింది కాదు. ఎంబీ అనే మీడియా సర్వర్ మొదట్లో మీడియా బ్రౌజర్ పేరుతో, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ మీడియా సెంటర్‌కి తగిలించుకునే ప్లగిన్. తర్వాత సర్వర్‌గా మారి, డాట్‌నెట్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపే మోనో సాయంతో అక్కడికి చేరింది. 2018 డిసెంబరులో దాన్నుంచి విడిపోయిన జెల్లీఫిన్ డాట్‌నెట్ కోర్‌కి మారింది. కోడి అనే మీడియా ప్లేయర్ వాళ్లది వేరే కథ. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కోసం పుట్టిన ఆ ప్లేయర్‌ని లైనక్స్‌కి తెచ్చేటప్పుడు తెర మీద బొమ్మ గీసే మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ ఉన్నచోటల్లా, అన్ని సిస్టంలలో పనిచేసే ఎస్‌డీఎల్, ఓపెన్‌జీఎల్ పెట్టుకుంటూ వచ్చారు. పెద్ద జట్టు ఉంది కాబట్టి సాగింది. ఒంటరిగా ఆ పని పెట్టుకోమని నేనైతే చెప్పను.

అందరూ భయపడేది వీడియో గురించి. నిజానికి తేలిగ్గా తేలిపోయేది అదే. డైరెక్ట్‌షో తీసేసి, వీడియో ఆడించే రెడీమేడ్ కోడ్ లిబ్‌వీఎల్‌సీ గానీ లిబ్‌ఎంపీవీ గానీ పెట్టండి. హార్డ్‌వేర్ డీకోడింగుకి, అంటే వీడియో విప్పే పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడానికి, లైనక్స్‌లో వీఏ-ఏపీఐ, మ్యాక్‌లో వీడియోటూల్‌బాక్స్ వాడుకోవడం వాటికే తెలుసు.

అసలు ప్రాణం తీసేది ఫైళ్ల పేర్లు. మీ డేటాబేస్ తెరిచి చూడండి, 'డీ' డ్రైవ్ అక్షరంతో, బ్యాక్‌స్లాష్‌లతో, ఫైలు ఎక్కడుందో చెప్పే పూర్తి దారులు ఉంటాయి. లైనక్స్‌లో డ్రైవ్ అక్షరాలు లేవు, పైగా బ్యాక్‌స్లాష్ అక్కడ పేరులో రాదగ్గ మామూలు గుర్తు. అందుకని ఎర్రర్ కూడా రాదు. పోస్టర్‌ని ఫోల్డర్‌లో పెట్టమంటే, ఆ దారి మొత్తం ఒక్క పేరుగా ఉన్న వింత ఫైలు తయారవుతుంది! లైబ్రరీ మూల ఫోల్డర్‌ని సెట్టింగులో ఉంచి, మిగతా దారిని మామూలు స్లాష్‌తో దాచుకోండి. పెద్దబడి, చిన్నబడి తేడా కూడా చూసుకోండి. విండోస్‌లో పెద్ద 'పీ'తో ఉన్న పోస్టర్‌ని చిన్న 'పీ'తో అడిగినా ఇస్తుంది, లైనక్స్ లేదంటుంది. లైనక్స్ ముందు అన్నది ఇందుకే, ఇలాంటి అక్షరాల తప్పులు మొహం మీదే చెప్పేస్తుంది.

తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లకి మ్యాక్‌లో ఇంకో తమాషా ఉంది. 'బైక్ ప్రయాణం' అని ఒక వీడియో ఉందనుకోండి. 'బై'లోని ఐత్వం విండోస్‌లో సాధారణంగా ఒకే అక్షర కోడ్. మ్యాక్ పాత ఫైల్ సిస్టం హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని ఎత్వంగా, కింది గుర్తుగా విడగొట్టి దాచుకుంటుంది. కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రాంకి వేర్వేరు. లైబ్రరీలో ఒకే వీడియో రెండుసార్లు కనబడుతుంది, లేదా ఎంతవరకు చూశామన్న గుర్తు పోతుంది. డాట్‌నెట్‌లో ఈ రెండు రూపాల్నీ ఒకటి చేసే నార్మలైజ్ అనే పిలుపు ఉంది. పేర్లు పోల్చేముందు రెండువైపులా దాన్ని వాడండి. తెరిచేటప్పుడు మాత్రం డిస్కు ఇచ్చిన పేరే ఇవ్వాలి.

ట్యూనర్‌తో మాట్లాడడానికి లైనక్స్‌లో డీవీబీ ఏపీఐ ఉంది, దాని మీద నడిచే రికార్డింగు ప్రోగ్రాం టీవీహెడ్‌ఎండ్ ఉంది. రికార్డింగు కోడ్ మీరే మళ్లీ రాయకుండా దాన్ని వాడుకోవడమే మేలు. విండోస్ మీడియా సెంటర్ రిమోట్ రిసీవర్‌కి కెర్నల్‌లోనే ఎంసీఈయూఎస్‌బీ డ్రైవర్ ఉంది, బటన్లు కీబోర్డు మీటల్లా వస్తాయి. కొన్ని మీ ప్రోగ్రాం ఎదురుచూసే మీటలు కావు. బటన్‌కి ఏ పని అన్నది కోడ్‌లో కాకుండా విడి ఫైల్లో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. నిద్రపోయిన కంప్యూటర్‌ని రికార్డింగు వేళకి లేపడానికి లైనక్స్‌లో ఆర్‌టీసీవేక్, మ్యాక్‌లో పీఎమ్‌సెట్ అనే కమాండ్లు ఉన్నాయి.

ప్రశ్న: పాత విండోస్ మీడియా సెంటర్‌లో రికార్డు చేసిన డబ్ల్యూటీవీ ఫైళ్లు నా దగ్గర చాలా ఉన్నాయి. లైనక్స్‌లో ఆడతాయా?

జవాబు: మామూలువి ఆడతాయి, వీడియోలు విప్పే ప్రోగ్రాం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాటిని చదువుతుంది. చానెల్ వాళ్లు కాపీ రక్షణ పెట్టినవి మాత్రం రికార్డు చేసిన కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. విండోస్ 10తో మీడియా సెంటర్‌నే తీసేశారు కాబట్టి, ఆ పాత మిషన్‌ని ఫార్మాట్ చేసే ముందు అందులో చూడాల్సినవేమైనా మిగిలాయేమో చూసేయండి.