జీన్ టెస్ట్ వద్దు, లెక్కలు వదలొద్దు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి సెకండ్ పీయూ (ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ: ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ. మా మరిదికి స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు, మాతోనే ఉంటాడు. రోజూ రాత్రి రిస్పెరిడోన్ మాత్ర ఇచ్చేది మా అమ్మాయే. అట్ట మీద పేరు చూసి నెట్‌లో వెతికి, ఇప్పుడు డోపమైన్ అనే మెదడు రసాయనం జీన్ల మీదే చదువుతానంటోంది. లెక్కలు పక్కన పడేసింది. బాబాయి జబ్బు తనకీ వస్తుందేమోనని నాకు టెన్షన్. ముందే జీన్ టెస్ట్ చేయించాలా?

జవాబు: టెస్ట్ వద్దమ్మా, డబ్బు దండగ. ఈ జబ్బు మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది. బాబాయికి ఉంటే నూటికి ముగ్గురు నలుగురికి రావచ్చు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా, సగం మందిలో రెండోవారికి రాదు.

ఆ మాత్ర మెదడులో డోపమైన్‌ని అందుకునే డీ2 రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. కాబట్టి తప్పంతా ఆ రిసెప్టర్ జీన్‌దే అనుకుంటారు. మెయిన్ వాల్వ్ కట్టేస్తే నీళ్లు కారడం ఆగుతుంది, అలాగని పైపు పగిలింది వాల్వ్ దగ్గరేనా? 2014లో సుమారు 37 వేల మంది రోగుల డీఎన్ఏని, 1,13,000 మంది ఇతరుల డీఎన్ఏతో పోల్చారు. తేడాలు తేలిన చోట్లు 108. 11వ క్రోమోజోమ్‌పై ఆ రిసెప్టర్ జీన్ (డీఆర్‌డీ2) దగ్గరిది అందులో ఒకటి మాత్రమే, అది పెంచే ముప్పు రవ్వంత. ఇంతకంటే, హాస్టల్‌కి వెళ్తే గంజాయి జోలికి పోవద్దని చెప్పండి. దానివల్ల ముప్పు పెరుగుతుందన్నది గట్టి మాట.

ఇక చదువు. ఆ 108 బయటపడింది మైక్రోస్కోప్‌లో కాదు, లెక్కల్లో. ఫలితాల గ్రాఫ్‌ని మాన్‌హాటన్ ప్లాట్ అంటారు. డీఎన్ఏలో ఒక్కో చోటుకి ఒక్కో చుక్క, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల వరసలా లేచి ఉంటాయి. హద్దు గీత దాటిన చుక్క నిజమా, యాదృచ్ఛికమా అని తేల్చేది స్టాటిస్టిక్సే. అందుకే లెక్కలు మానొద్దు.

రోగుల్ని చూడాలనుంటే నీట్, ఎంబీబీఎస్, ఆపైన సైకియాట్రీ. పరిశోధనైతే బీఎస్సీ జెనెటిక్స్ లేదా ఐఐఎస్సీలో నాలుగేళ్ల బీఎస్, తర్వాత పీహెచ్‌డీ. జీతం చేతికి రావడం ఆలస్యమవుతుంది, అది ఇప్పుడే మాట్లాడుకోండి. ఊరు మాత్రం కలిసొచ్చింది. ఇలాంటి జబ్బులు ఒకే ఇంట్లో పలువురికి ఉన్న కుటుంబాలపై నిమ్హాన్స్ (మానసిక వైద్య సంస్థ), ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి పనిచేసింది ఇక్కడే.

ఈసారి మరిదిగారి చెకప్‌కి అమ్మాయినీ తీసుకెళ్లండి. మరిదిగారు సరేనంటే, డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి.