మెడ నలుపు రుద్దినా పోవట్లేదు: సమాధానం

మెడ వెనక, చంకల్లో నల్లగా మందంగా అయింది, సున్నిపిండి నిమ్మకాయ రుద్దినా పోవట్లేదు అన్నారు కదా, అది మురికి కాదండి, చాలావరకు ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే షుగర్‌ని అదుపు చేసే ఇన్సులిన్‌కి ఒళ్ళు సరిగ్గా స్పందించకపోవడం, దాంతో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మ కణాలు పెరిగిపోయి ముఖమల్ గుడ్డలా తగుల్తుంది, అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు.

1. రుద్దడం ఆపండి, ఇంకా నల్లబడుద్ది.

2. అందరూ వదిలేసేది ఇదే, క్రీములకి వేలు పోస్తారు గానీ రక్తం టెస్ట్ చేయించరు. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) రెండూ చేయించండి. షుగర్ 100-125 గానీ ఏ1సీ 5.7-6.4 గానీ వస్తే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ. నార్మల్ వచ్చిందని వదిలేయొద్దు, షుగర్ పెరగక ముందే ఇన్సులిన్ పెరిగి ఉండొచ్చు.

3. బరువు తగ్గితే నలుపూ తగ్గుద్ది, కాకపోతే నెలలు పడుద్ది.

ఊరికే బరువు తగ్గిపోతూ అరచేతులకీ నోట్లోకీ సడన్‌గా పాకితే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి.