సిస్టమ్ ఇంటరప్ట్స్‌ని చంపలేరు, దాని వెనకున్న డ్రైవర్‌ని పట్టుకోండి

‘టాస్క్ మేనేజర్‌లో సిస్టమ్ ఇంటరప్ట్స్ అని ఒకటి సీపీయూ తినేస్తోంది, ఎండ్ టాస్క్ కొట్టినా పోవట్లేదు, వైరస్సా?’ ఈ నెలలో బెంగళూరులోని మారతహళ్లి నుంచి ఇదే ప్రశ్న, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఇదే ప్రశ్న, కేఆర్ పురం నుంచి వచ్చిన దాంట్లో అక్షరం కూడా మారలేదు. విడివిడిగా జవాబులు రాయడం ఇక నా వల్ల కాదు. ఈసారి కాలమ్ మొత్తం ఇంటరప్ట్‌లకే రాసిచ్చేస్తున్నాను.

ప్రశ్న: మారతహళ్లిలో పీజీలో ఉంటాను. నా సొంత ల్యాప్‌టాప్. మీటింగ్‌లో మాట్లాడుతుంటే గొంతు చిటపటలాడుతోందని అవతలివాళ్లు అంటున్నారు. సిస్టమ్ ఇంటరప్ట్స్ 18 శాతం చూపిస్తోంది. యాంటీవైరస్‌కి ఏమీ దొరకలేదు. ఒక డ్రైవర్ అప్‌డేటర్ వేస్తే, 23 డ్రైవర్లు పాతబడ్డాయి, డబ్బు కడితే అన్నీ మార్చేస్తానంటోంది. కట్టమంటారా?

కట్టొద్దు. వేసినదాన్ని కూడా ఈరోజే తీసేయండి. కారణం కాస్త కింద ఉంది, అది చదవకుండా పేజీ మూసేయకండి.

సిస్టమ్ ఇంటరప్ట్స్ ప్రోగ్రామ్ కాదు. ఇంటరప్ట్ అంటే హార్డ్‌వేర్ ‘నన్ను చూడు’ అని సీపీయూని పిలిచే పిలుపు. ఆ పిలుపులకు పలకడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఎంత సమయం ఖర్చుపెట్టిందో టాస్క్ మేనేజర్ ఒక వరుసలో రాసి చూపిస్తోంది, అంతే. దానికి డిస్కు మీద ఫైలు ఉండదు. ఆ పేరుతో ఫైలంటూ కనబడితే మాత్రం అప్పుడు వైరస్ అని అనుమానించండి. మామూలు రోజుల్లో ఆ అంకె ఒక శాతం లోపే ఉంటుంది, పని మీద ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. 18 అంటే ఏదో ఒక పరికరాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ హద్దు మీరుతోంది.

ఆ హద్దు ఏమిటంటే, దర్శిని హోటల్లో కౌంటర్ కుర్రాడు టోకెన్ ఇచ్చేసి తర్వాతి మనిషి వైపు తిరుగుతాడు, దోశ వేయడం అతని పని కాదు. డ్రైవర్‌లోని ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అలాగే ఉండాలి. పరికరం ఎందుకు పిలిచిందో నోట్ చేసుకుని, అసలు పనిని వెనక్కి నెట్టి బయటపడాలి. విండోస్‌లో ఆ వెనక్కి నెట్టిన పనిని డీపీసీ అంటారు. డ్రైవర్లు రాసేవాళ్లకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కొలత ప్రకారం హ్యాండ్లర్ 25 మైక్రోసెకన్లు, డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదు. డీపీసీ పేరుకే వెనకది. మీ బ్రౌజర్, మీ మీటింగ్ యాప్ అన్నీ దాని తర్వాతే. విండోస్ ఆడియో మామూలుగా 10 మిల్లీసెకన్లకోసారి బఫర్ నింపుకోవాలి. అదే కోర్ మీద వైఫై డ్రైవర్ డీపీసీలో కూర్చుని లేవకపోతే బఫర్ ఖాళీ అవుతుంది, చిటపట వినిపిస్తుంది. ఇంకా ఎక్కువసేపు కూర్చుంటే ‘డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్’ అని నీలం తెర పడుతుంది. మైక్ మార్చినా హెడ్‌సెట్ మార్చినా లాభం లేనిది ఇందుకే.

దొంగని పట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ముందు డాకింగ్ స్టేషన్, యూఎస్‌బీ హబ్బు, బయటి డ్రైవు, చార్జర్‌తో సహా అన్నీ పీకేసి అంకె చూడండి. తగ్గితే ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. తగ్గకపోతే డివైజ్ మేనేజర్‌లో వైఫై, బ్లూటూత్, కెమెరా, కార్డ్ రీడర్ ఒక్కోదాన్నీ డిసేబుల్ చేస్తూ చూడండి. డిస్క్ కంట్రోలర్ జోలికి మాత్రం పోవద్దు. ఉచితంగా దొరికే లేటెన్సీమాన్ నడిపితే ఏ డ్రైవర్ డీపీసీలో ఎంతసేపు ఉందో పేరుతో సహా చెబుతుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. పైవరుసలో ‘ఎన్‌డిస్ డాట్ సిస్’ కనబడగానే విండోస్‌ని తిడతారు. అది నెట్‌వర్క్ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడి చట్రం. తప్పు చేసేది ఎక్కువసార్లు దాని కింద పనిచేసే వైఫై డ్రైవరే. దొరికిన డ్రైవర్ ఈమధ్యే అప్‌డేట్ అయ్యి ఉంటే డివైజ్ మేనేజర్‌లోనే రోల్ బ్యాక్ కొట్టండి. లేదంటే మీ మోడల్ నంబరుతో ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీకి వెళ్లి అక్కడి డ్రైవర్ వేసుకోండి.

ఇక అప్‌డేటర్ సంగతి. నన్ను కలవరపెట్టేది మీ 18 శాతం కాదు, ఇది. ఇంటరప్ట్ రాగానే సీపీయూ చేస్తున్న పని ఆపి డ్రైవర్ రాసిపెట్టిన హ్యాండ్లర్‌లోకి దూకుతుంది. ఆ కోడ్‌కి ఉండేది కెర్నల్ అధికారమే. మామూలు యాప్‌కి, కెర్నల్‌కి మధ్య గోడ ఉంది. డ్రైవర్‌కి, కెర్నల్‌కి మధ్య గోడ లేదు. ఫ్యాన్ వేగం మార్చడానికి వేసుకున్న చిన్న డ్రైవర్ తలచుకుంటే మెమరీలో ఏ మూలనైనా చదవగలదు, ఏ మూలనైనా రాయగలదు.

‘డిజిటల్ సంతకం ఉంది కదా’ అని మీలో కొందరు రాస్తారు. ఉంది. 64 బిట్ విండోస్‌లో విస్టా కాలం నుంచి సంతకం లేని కెర్నల్ డ్రైవర్ ఎక్కదు. కానీ సంతకం చెప్పేది ఎవరు రాశారని, ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశారని కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ డ్రైవర్లకి కూడా సంతకం ఉంది, అది కంపెనీల నుంచి దొంగిలించిన సర్టిఫికెట్లతో చేసిన సంతకం. ఇప్పటి హ్యాకర్ల ముఠాలకి దొంగతనం అవసరం కూడా తగ్గింది. ఎవరో నిజాయితీగానే రాసి, సంతకం చేసి, ఒక కన్నం వదిలేసిన పాత డ్రైవర్‌ని తామే వెంట తెచ్చుకుంటారు. మీ మెషీన్‌లో అడ్మిన్ హక్కు దొరకగానే దాన్ని ఎక్కించి, ఆ కన్నంలోంచి కెర్నల్‌లోకి దూరి, ముందు యాంటీవైరస్ గొంతు నొక్కుతారు. ఆ తర్వాత ఫైళ్లకు తాళాలు వేస్తారు. ఇప్పుడు మీ అప్‌డేటర్ చేసే పని చూడండి. మొదట అడ్మిన్ హక్కు అడుగుతుంది, తర్వాత తన సర్వర్ నుంచి తనకు నచ్చిన డ్రైవర్లు తెచ్చి ఎక్కిస్తుంది. ఇంటి తాళాలు ఇచ్చి, పైన డబ్బు కూడా కడతామంటున్నారు.

విండోస్ సెక్యూరిటీలో డివైజ్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్ తెరవండి. కెర్నల్‌లోకి అనుమానపు కోడ్ ఎక్కకుండా కాపలా కాసే మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందా, కన్నాలున్న డ్రైవర్ల బ్లాక్‌లిస్ట్ ఆన్‌లో ఉందా చూడండి. విండోస్ 11లో 2022 అప్‌డేట్ నుంచి బ్లాక్‌లిస్ట్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ కానంటూ ఏదో డ్రైవర్ పేరు చూపిస్తే, తీసేయాల్సింది ఆ డ్రైవర్‌ని. కీబోర్డు కింద రంగుల లైట్లు వెలగడం లేదని మెమరీ ఇంటెగ్రిటీనే ఆపేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకాయన బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు.

కంపెనీల తీరు కూడా తక్కువేం కాదు. రాత్రికి రాత్రి డ్రైవర్ మారిపోతుంది, పొద్దున చూస్తే అప్‌డేట్ నోట్‌లో ఒకే ఒక్క మాట: ‘స్థిరత్వం మెరుగుపడింది’. ఏది మారింది, ఎందుకు మారింది, వెనక్కి వెళ్లాలంటే ఎలా, ఏదీ ఉండదు. అప్పులిచ్చే యాప్ కూడా ఇంతకంటే ఎక్కువ వివరం రాస్తుంది. 2024 జూలై 19న ఒక సెక్యూరిటీ కంపెనీ తన కెర్నల్ డ్రైవర్ చదువుకునే ఫైలు ఒకటి తప్పుగా పంపింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర వేశాయి. మన కెంపెగౌడ విమానాశ్రయంలో కూడా చెకిన్ చేత్తో చేయాల్సి వచ్చింది. అది దాడి కాదు, దొంగల పని కాదు, మామూలు అప్‌డేట్. కెర్నల్‌లో చోటిచ్చినవాళ్లు తడబడితే అంత దాకా వస్తుంది.

ప్రశ్న: 8000 హెర్ట్జ్ మౌస్ కొన్నాక గేమ్ ఇంకా ఎక్కువ ఆగిఆగి నడుస్తోంది. వారంటీలో మార్పించుకోవచ్చా?

మౌస్ బాగానే ఉంది, బాక్సు మీది అంకెలోనే ఉంది తిరకాసు. యూఎస్‌బీ మౌస్ తనంతట తాను సీపీయూని పిలవదు. కంప్యూటర్‌లోని యూఎస్‌బీ కంట్రోలర్ వెళ్లి ‘ఏమైనా ఉందా’ అని అడుగుతుంది, ఉంటే అప్పుడు కంట్రోలర్ ఇంటరప్ట్ చేస్తుంది. 8000 అంటే 125 మైక్రోసెకన్లకోసారి ఆ అడగడం. మౌస్ కదిలినంతసేపు సీపీయూకి సెకనుకి అన్నిసార్లు నిద్రాభంగం. సెట్టింగ్స్‌లో 1000కి దించండి. తేడా మీ కంటికి తెలియదు, తెలుస్తుందని మీరు ప్రమాణం చేసినా నేను నమ్మను.

ప్రశ్న: ఎస్పీ రోడ్‌లో చవగ్గా ఒక సీరియల్ పోర్ట్ కార్డు కొన్నాను. లినక్స్ డెస్క్‌టాప్‌లో పెట్టిన కొన్ని గంటలకు ‘ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్’ అని మెసేజ్ వచ్చి యూఎస్‌బీ నత్తనడక నడుస్తోంది. మెసేజ్‌లోనే ఐఆర్‌క్యూపోల్ వాడమని ఉంది. వాడనా?

మీ కార్డు యూఎస్‌బీని కూడా వెంట లాక్కుని మునిగింది. ఐఆర్‌క్యూ 16 అంటే 16వ నంబరు ఇంటరప్ట్ లైన్. పాత పీసీఐ (కార్డులు గుచ్చే స్లాట్ల పద్ధతి) ఇంటరప్ట్ లైన్లను పరికరాలు పంచుకుంటాయి. లైన్ మోగగానే కెర్నల్ దాని మీదున్న డ్రైవర్లందర్నీ వరుసగా ‘నీదేనా’ అని అడుగుతుంది. అందరూ కాదంటున్నా లైన్ మోగుతూనే ఉంటే ఎంతసేపు భరిస్తుంది? ఒక లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 కంటే ఎక్కువ ఎవరివీ కావని తేలితే ఆ లైన్‌నే మూసేస్తుంది. దాని మీదే ఆధారపడ్డ మీ యూఎస్‌బీకి కూడా ఆ శిక్ష పడింది.

పీసీఐకి కొత్త రూపమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో నిజానికి ఇంటరప్ట్‌కి తీగ ఉండదు. ‘లైన్ మోగింది’, ‘లైన్ ఆగింది’ అని రెండు సందేశాలు వెళ్తాయి. చవక కార్డుల్లో పాత పీసీఐ చిప్పుని ఒక బ్రిడ్జి చిప్పు వెనక దాచి, కొత్త కనెక్టర్ తగిలించి అమ్ముతారు. అలాంటి బ్రిడ్జిల్లో కొన్నిటికి రెండో సందేశం పంపడం మరిచిపోయే జబ్బుంది. కార్డు నోరు మూసుకున్నా కెర్నల్ దృష్టిలో లైన్ మోగుతూనే ఉంటుంది. ప్రోక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిచి 16 అనే నంబరుతో మొదలయ్యే వరుస చివర ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. కొత్త కార్డు పేరు, యూఎస్‌బీ పేరు పక్కపక్కనే ఉంటే కథ ఇదే. టైమర్ మోగినప్పుడల్లా డ్రైవర్లందర్నీ అడిగించే ఐఆర్‌క్యూపోల్ పెడితే బండి నడుస్తుంది గానీ జబ్బు పోదు, నెమ్మది అవుతుంది. వేరే స్లాట్‌లో పెట్టి చూడండి, లైన్ మారవచ్చు. లేదంటే కార్డు తిరిగిచ్చి ఎంఎస్‌ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్స్) ఉన్నది అడగండి. అందులో లైన్ ఉండదు, పంచుకోవడం ఉండదు, పరికరం నేరుగా మెమరీ చిరునామాకి రాసి పిలుస్తుంది. ఎస్పీ రోడ్‌లో ‘ఎంఎస్‌ఐ’ అంటే ఆ పేరున్న కంపెనీ మదర్‌బోర్డు చూపిస్తారు, జాగ్రత్త.

ప్రశ్న: యలహంక దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాను. ల్యాబ్‌లోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎఫ్‌పీజీఏ (మనకు కావలసినట్టు ప్రోగ్రామ్ చేసుకునే చిప్పు) కార్డుకి లినక్స్ డ్రైవర్ రాశాను. కాసేపు నడిచి మెషీన్ మొత్తం హ్యాంగ్ అవుతోంది, ఒక్కోసారి గంట వరకు ఏమీ కాదు. సీనియర్ చెప్పాడని హ్యాండ్లర్ ఎప్పుడూ ‘ఐఆర్‌క్యూ హ్యాండిల్డ్’ రిటర్న్ చేస్తుంది. కోడ్ జత చేశాను.

కోడ్ చూశాను. రీడ్ ఫంక్షన్‌లో మామూలు స్పిన్‌లాక్ (ఖాళీ అయ్యేదాకా తిరుగుతూ కాచుకునే తాళం) పట్టుకున్నావు, హ్యాండ్లర్‌లో కూడా అదే లాక్. రీడ్ లాక్ పట్టుకున్న క్షణంలో అదే కోర్ మీదికి ఇంటరప్ట్ వచ్చిందనుకో. హ్యాండ్లర్ లాక్ కోసం తిరుగుతూ ఉంటుంది, లాక్ వదలాల్సిన రీడ్ హ్యాండ్లర్ ముగిస్తే తప్ప కదల్లేదు. ఇద్దరికీ ఇక విముక్తి లేదు. ఆ క్షణం కుదరడం అదృష్టం మీద ఆధారపడుతుంది కాబట్టే గంటసేపు ఏమీ కాదు. ఎలక్ట్రోలాజికా ఎక్స్1 అనే పాత డచ్ కంప్యూటర్‌కి ఇంటరప్ట్ హ్యాండ్లర్ రాసి, 1959లో దాని మీదే డాక్టరేట్ తీసుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రాని కూడా భయపెట్టింది ఇలా మళ్లీ చేసి చూపించలేని తప్పులే. రీడ్‌లో ఐఆర్‌క్యూ సేవ్ ఉన్న స్పిన్‌లాక్ వాడు, లాక్ ఉన్నంతసేపు ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆగుతాయి. హ్యాండ్లర్‌లో నువ్వు వేసిన లెక్కలన్నీ మామూలు థ్రెడ్‌లా తర్వాత నడిచే థ్రెడెడ్ హ్యాండ్లర్‌లోకి మార్చు, 2009 నుంచి కెర్నల్‌లో ఆ సౌకర్యం ఉంది.

మీ సీనియర్ సలహా మాత్రం ప్రమాదం. ‘నోబడీ కేర్డ్’ రాకుండా ఉండటానికి ప్రతిసారీ ‘నాదే’ అని అబద్ధం చెప్పమంటున్నాడు. పైన ఎస్పీ రోడ్ కార్డు విషయంలో కెర్నల్ లైన్ మూసి మెషీన్‌ని కాపాడింది. నీ డ్రైవర్ ఆ లైన్ మీదుంటే అదీ జరగదు, సీపీయూ ఆ ఇంటరప్ట్‌లలోనే పడి కొట్టుకుంటుంది. కార్డు స్టేటస్ రిజిస్టర్ చదువు. నీ బిట్ లేకపోతే ‘ఐఆర్‌క్యూ నన్’ అని రిటర్న్ చెయ్. రిజిస్టర్ మొత్తం ఒకట్లే వస్తే అన్ని బిట్లూ నీవేనని సంబరపడకు, కార్డు బస్ మీదే లేదని అర్థం. ఎఫ్‌పీజీఏని మళ్లీ ప్రోగ్రామ్ చేసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది.

ప్రూవ్ లాకింగ్ ఆప్షన్ ఆన్ చేసి కెర్నల్ కంపైల్ చెయ్. అప్పుడు కెర్నల్‌లో తాళాల మీద నిఘా పెట్టే లాక్‌డెప్, మెషీన్ హ్యాంగ్ అయ్యేదాకా ఆగకుండా, రీడ్, హ్యాండ్లర్ రెండు దారుల్నీ ఒక్కోసారి చూడగానే లాగ్‌లో అరుస్తుంది. ఈసారి ఆ లాగ్ మాత్రం పంపు, మూడు వేల లైన్ల కోడ్ వద్దు.