సాయంత్రం రెండు గంటలు: కుట్టా, డ్రాయింగా, జియాలజీయా?

ప్రశ్న: మాది తాండూరు. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపేశాను. వయసు 24. బండల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తున్నాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఖాళీ. అమ్మ బ్లౌజులు కుడుతుంది, నన్నూ టైలరింగ్ కోర్సు చేయమంటోంది. మా సూపర్‌వైజర్ కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ నేర్చుకోమంటున్నారు. నాకేమో చిన్నప్పటి నుంచీ రాళ్లంటే ఇష్టం, జియాలజీ చదవాలని ఉంది. ఏదీ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: డ్రాయింగ్‌తో మొదలుపెట్టండమ్మా. జియాలజీని వదులుకోమని కాదు. దానికి దారి వేరే ఉంది, కింద చెబుతాను.

రోజంతా పని చేసి వచ్చాక లావుపాటి పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. బొమ్మ గీయడం అలా కాదు, చెయ్యి కదులుతుంటే మనసూ మెలకువగా ఉంటుంది. ఒక అగ్గిపెట్టె తీసుకుని ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసి మూడు బొమ్మలు గీయండి. మన దేశంలో పాటించే పద్ధతిలో పై నుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకు కింద వస్తుంది. ఎడమ నుంచి చూసింది కుడి వైపు వస్తుంది. మొదటి వారం ఇది అందరినీ తికమక పెడుతుంది. పది వస్తువులు గీశాక అలవాటైపోతుంది. ఆ తర్వాత ఏ ప్లాన్ చూసినా కాగితం మీద గోడ, మెట్టు లేచి నిలబడినట్టు కనిపిస్తాయి.

ఈ పునాది లేకుండా నేరుగా క్యాడ్‌కు ఫీజు కట్టకండి. కమాండ్లన్నీ వచ్చి, ఇంటి ప్లాన్‌లో సెక్షన్ (నిలువునా కోసి లోపల చూపినట్టు గీసే బొమ్మ) అంటే ఏమిటో చెప్పలేని పిల్లలను నేను చాలామందిని చూశాను. చేరే ముందు సెంటర్‌లో ఒక్క మాట అడగండి: మొదట్లో కొన్నాళ్లు పెన్సిల్‌తో గీయిస్తారా? లేదంటే ఇంకో చోటు చూసుకోండి. రెండేళ్ల ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడ్ దీనికి గట్టి చదువే. కానీ అది పగటి కోర్సు, ఉద్యోగం మానాల్సి వస్తుంది.

మీరున్న చోటే డ్రాయింగ్‌కు పని ఉంది. మెట్ల బండలకు, వంటగది గట్టుకు ఆర్డర్ వచ్చినప్పుడు కొలతల కాగితం చదివి ఏ బండ నుంచి ఏ ముక్క కోస్తే వృథా తగ్గుతుందో చెప్పగలిగితే, మీరు లెక్కలు రాసే మనిషిగానే మిగిలిపోరు. సూపర్‌వైజర్ గారు మీ మేలు కోరే చెప్పారు.

సర్టిఫికెట్ కావాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షలు ఉన్నాయి. డ్రాయింగ్‌లోనూ, టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీలోనూ లోయర్, హయ్యర్ అని రెండు గ్రేడ్లు. లోయర్‌కు ఏడో తరగతి పాసైతే చాలు. హయ్యర్‌కు పదో తరగతితో పాటు లోయర్ పాసై ఉండాలి. ఆపైన 42 రోజుల వేసవి శిక్షణ పూర్తి చేస్తే టీచర్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ పోస్టులు తక్కువే, నోటిఫికేషన్లూ ఎప్పుడో గానీ పడవు. అందుకే ఒక్క దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఇక టైలరింగ్. ఇంట్లోనే గురువు ఉండగా బయట ఫీజు ఎందుకు? అమ్మ దగ్గర ఆదివారాలు కూర్చోండి. ఛాతీ కొలత 36 అయితే నాలుగో వంతు 9 అంగుళాలు తీసుకుని, దానికి లూజు, కుట్టు కోసం కొంత కలిపి, ఖాకీ కాగితం మీద అమ్మ గీసే బ్లౌజు డ్రాఫ్టింగ్ కూడా టెక్నికల్ డ్రాయింగే. మీకు సగం వచ్చినట్టే. అమ్మకూ ఈ మాట చెప్పండి, సంతోషిస్తుంది.

జియాలజీ సంగతి. దీన్ని సాయంత్రం రెండు గంటల్లో నేర్పే చోటు దొరికినా నేను వద్దనే అంటాను. రాయిని పగటి వెలుగులో, అది పుట్టిన చోట చూడాలి. ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. మీ తాండూరు బండ భీమా బేసిన్ అనే, ఒకప్పుడు సముద్రం నిండిన పల్లానిది. 50 కోట్ల ఏళ్లకు పైనే, సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. అందుకే పలకలుగా విడిపోతుంది. వంటింటి బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది కదా, అది సున్నపురాయితో నిమ్మరసంలోని ఆమ్లం కలవడమే. బండ కోసేటప్పుడు రాలిన పొడి మీద నిమ్మకాయ పిండండి, నురగ వస్తుంది. గ్రానైట్ పొడి మీద రాదు.

చదువుకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ బీఎస్సీ చూడండి, అందులో జియాలజీ ఉంది. ఉద్యోగం మానకుండా చదవొచ్చు. కానీ ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారో స్టడీ సెంటర్‌లో కనుక్కున్నాకే ఫీజు కట్టండి. ఇప్పుడు 24, మూడేళ్ల డిగ్రీకి 27, రెండేళ్ల ఎమ్మెస్సీకి 29. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగాలకు యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్షకు పీజీ తప్పనిసరి, జనరల్ అభ్యర్థులకు వయసు పరిమితి 32. టైమ్ ఉంది గానీ, ఒకటి రెండేళ్లు జారిపోతే చాలా ఇరుకవుతుంది. ఎమ్మెస్సీ నాటికి ఉద్యోగం మానాల్సి రావచ్చు. ఆ రెండేళ్ల ఖర్చుకు డ్రాయింగ్‌తో జీతం పెరిగితే అందులోంచి కొంత పక్కన పెడుతూ రండి.

ఈ ఏడాది సాయంత్రాలు డ్రాయింగ్‌కే ఇవ్వండి. అడ్మిషన్ నోటిఫికేషన్ పడగానే డిగ్రీలో చేరండి, పుస్తకాలు తెల్లవారుజామున చదవండి. స్టడీ సెంటర్‌కు వెళ్లేటప్పుడు అమ్మను వెంట తీసుకెళ్లండి. సందేహాలు ఆవిడకూ ఉంటాయి, అక్కడే అడిగేస్తుంది.