అటక మీంచి దిగిన అటారీ

ప్రశ్న: సార్, మా మేనమామ ఓడల్లో ఇంజనీరుగా చేసేవారు. 1988లో అటారీ 520 ఎస్‌టీ కంప్యూటర్, దాని బ్లాక్ అండ్ వైట్ మానిటర్ తెచ్చారు. మొన్న ఇంటికి సున్నాలేయిస్తుంటే అటక మీంచి దించాం. శ్రీకాకుళంలో ఉన్న మా ఫ్రెండు "అదే కాలపు అమిగా కంప్యూటర్ అయితే 4,096 రంగులు, ఇది పాతసామాన్లకి ఇచ్చెయ్" అంటున్నాడు. తెర విషయంలో ఏది మేలు? మానిటర్ ఖర్చులో తేడా ఎంత?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు ఆ మానిటర్‌ని ఎవరికీ ఇవ్వకండి. మీ దగ్గరున్న వాటిలో గొప్ప వస్తువు అదే.

ఎస్‌టీ తెర బొమ్మకి కేటాయించిన మెమరీ 32,000 బైట్లు, అంతే. దాన్ని 320 x 200 చుక్కలకి పంచితే 16 రంగులొస్తాయి, 640 x 200కి పంచితే 4 రంగులు, 640 x 400కి పంచితే మిగిలేది నలుపూ తెలుపే. ఈ మూడోది కలర్ మానిటర్‌లో రాదు, మీ దాంట్లో రంగులు రావు, రెండూ కావాలంటే రెండు మానిటర్లు కొనాల్సిందే. 1985లో అమెరికాలో ఎస్‌టీ బ్లాక్ అండ్ వైట్ మానిటర్‌తో కలిపి 800 డాలర్లు, కలర్‌తో అయితే 1,000. అమిగా 1000 మానిటర్ లేకుండానే 1,295, మానిటర్ ఖర్చు అదనం.

మీ ఫ్రెండు చెప్పిన 4,096 రంగులు నిజమే, బొమ్మలకీ ఆటలకీ అమిగాదే పైచేయి, ఒక్క కలర్ మానిటర్‌తో అన్నీ నడుస్తాయి కూడా. కానీ అది 400 గీతలు చూపించాలంటే ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు గీస్తుంది. పాత డబ్బా టీవీలో సన్నటి అడ్డగీత వణికేది గుర్తుందా, అచ్చం అలాగే. గంటసేపు ఉత్తరం టైపు చేస్తే కళ్లు లాగేస్తాయి. మీ మానిటర్ సెకనుకి 71 సార్లు తెరంతా గీస్తుంది, అక్షరం కదలదు. 25 వరుసల తెరలో ఒక్కో అక్షరానికి నిలువునా 16 చుక్కలు దక్కుతాయి, అదే 200 గీతల తెరలో 8. ఆ 8 చుక్కల్లో "స్త్రీ" రాసి చూడండి, పైన గుడి పెడితే కింద వత్తులకి చోటుండదు! రాతపనికి నా ఓటు కచ్చితంగా మీ మేనమామ గారి బేరానికే.

ఇన్నేళ్లు మూలనున్న దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసిన పాత మెకానిక్ బొబ్బిలిలోనో విజయనగరంలోనో దొరుకుతారు, ముందు పవర్ సప్లై చూపించండి. మానిటర్ మూత మాత్రం మీరు విప్పొద్దు, లోపల వేల వోల్టులుంటాయి. ఒకవేళ అది వెలగకపోయినా, 13 పిన్నుల సాకెట్‌కి సరైన కేబుల్ చేయించుకుంటే ఆ 640 x 400 బొమ్మ చాలా వీజీఏ మానిటర్లలో (తర్వాతి కాలపు మామూలు పీసీ మానిటర్లలో) వస్తుంది.