దూరం నుంచి చూస్తే తిమింగలానికేంటి నష్టం?

ప్రశ్న: సెలవుల్లో పిల్లల్ని తీసుకుని బోటులో తిమింగలాలు చూడ్డానికి వెళ్దామని టికెట్లు బుక్ చేశాం. ఇప్పుడేమో మా పెద్దమ్మాయి, అలా వెంటపడితే వాటికి ఇబ్బందట, నేను రాను అని కూర్చుంది. మేం ముట్టుకోం, తిండి వెయ్యం, వంద మీటర్ల దూరం నుంచి చూసి వచ్చేస్తాం. ఇందులో నష్టమేంటండీ? క్యాన్సిల్ చేసుకోమంటారా?

జవాబు: క్యాన్సిల్ దాకా ఎందుకు లెండి, కానీ మీ అమ్మాయి మాట కొట్టిపారేసేది కాదు. నీళ్లలో చూపు ఎంతో దూరం ఆనదు, తిమింగలానికి చెవే కన్ను, అందుకని మీరు చెప్పిన ఆ వంద మీటర్ల కంటే మీ బోటు ఇంజిన్ ఎంత గోల చేస్తోందన్నదే దానికి ముఖ్యం.

ఇది ఊరికే అనే మాట కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎక్స్‌మౌత్ గల్ఫ్ అని ఉంది, పిల్లలున్న హంప్‌బ్యాక్ రకం తిమింగలం తల్లులు అక్కడ ఆగి రెస్ట్ తీసుకుంటాయి. రీసెర్చర్లు వంద మీటర్ల దూరంలోనే ఉండి నీళ్లలో స్పీకర్ పెట్టి బోటు శబ్దాన్ని చిన్నగా, మధ్యరకంగా, గట్టిగా వినిపించి పైనుంచి డ్రోన్‌తో చూశారు. గట్టి శబ్దం, అంటే 172 డెసిబెల్స్ (నీళ్లలో లెక్క వేరు, గాలిలో డెసిబెల్స్‌తో పోల్చకండి), అది పెట్టినప్పుడు తల్లి రెస్ట్ తీసుకునే టైమ్ 30 శాతం తగ్గింది, ఊపిరి తీసుకోవడం రెట్టింపైంది, ఈత స్పీడు 37 శాతం పెరిగింది. చిన్న శబ్దానికి మాత్రం పెద్దగా తేడా లేదు. దూరం అదే, గోల మారిందంతే! పైగా ఆ తల్లి ఆ రోజుల్లో దాదాపు ఏమీ తినదు, ఒంట్లో కొవ్వు కరిగించుకునే పిల్లకి పాలివ్వాలి, అలాంటిదాన్ని అనవసరంగా పరిగెత్తిస్తే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో మీరే ఆలోచించండి.

అలాగని ప్రతిచోటా కొంప మునిగిపోతోందనీ కాదు. ఐస్‌లాండ్‌లో బోట్లు దగ్గరికొస్తే మింకె తిమింగలాలు తిండి వేట తగ్గించేస్తున్నాయని తేలింది, కానీ ఒక్కో తిమింగలం సీజన్ మొత్తమ్మీద బోట్ల మధ్య గడిపే టైమ్ తక్కువే కాబట్టి కడుపులో పిల్ల ఎదుగుదల మీద చెప్పుకోదగ్గ దెబ్బ పడట్లేదని లెక్క తేల్చారు. అదే ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో డాల్ఫిన్ల సంగతి వేరే, అవి ఎప్పుడూ అక్కడే ఉండేవి, రోజూ అవే బోట్లు. టూర్ ఆపరేటర్లు ఒకరి నుంచి ఇద్దరయ్యాక ఆ చోట డాల్ఫిన్లు సుమారు 15 శాతం తగ్గాయి, 2006లో ఆ రిజల్ట్ బయటికొచ్చాక ప్రభుత్వం ఒక లైసెన్స్ తీసేసింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమైతే అక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాలకి (కిల్లర్ వేల్స్ అంటారే, వాటిలో ఓ గుంపు) బోట్లు వెయ్యి గజాల దూరంలో ఉండాలని 2025 నుంచి రూల్ పెట్టింది, అసలే వాటికి సాల్మన్ చేపలు దొరకట్లేదు, అవేమో ప్రతిధ్వని విని వేటాడేవి.

మీరు చేయాల్సిందల్లా ఆపరేటర్‌కి ఫోన్ చేసి, తిమింగలం కనపడితే స్పీడు ఎంతకి తగ్గిస్తారు, ఒకేసారి దాని దగ్గర ఎన్ని బోట్లుంటాయి, పిల్లతో ఉన్న తల్లి కనిపిస్తే ఏం చేస్తారు అని అడగడమే. "చాలా దగ్గరికి తీసుకెళ్తాం, గ్యారంటీ" అని ఊరించేవాడైతే ఆ టికెట్ మాత్రం మార్చేసుకోండి. ఫోన్ మీ పెద్దమ్మాయి చేతే చేయించండి, ఆ అమ్మాయి మీకంటే గట్టిగా అడిగేలా ఉంది.